టర్నింగ్ సర్కిల్ అచ్చంగా కలిసింది, జిగ్‌జాగ్ మాత్రం కలవట్లేదు: ఓడ మోడల్ కాలిబ్రేషన్‌లో సాయం కావాలి

సిమ్_సీతమ్మధార

అందరికీ నమస్తే. వైజాగ్‌లో ఒక ట్రైనింగ్ సెంటర్లో బ్రిడ్జ్ సిమ్యులేటర్ (ఓడ నడిపే గదిని అనుకరించే శిక్షణ ఏర్పాటు) దగ్గర పని చేస్తున్నాను, అందులో నడిచే ఓడల మోడల్స్ తయారుచేయడం నా పని. ఇప్పుడు ఎంఆర్ (మీడియం రేంజ్) సైజు ప్రొడక్ట్ ట్యాంకర్, అంటే పెట్రోలు, డీజిల్ లాంటివి మోసే ఓడ, మోడల్ ఒకటి కడుతున్నా. పర్పెండిక్యులర్ల మధ్య పొడవు 176 మీటర్లు, వెడల్పు 32, డ్రాఫ్ట్ (నీళ్ళలో మునిగే లోతు) 11, ఒకటే ప్రొపెల్లర్, ఒకటే రడ్డర్ (చుక్కాని), ట్రయల్ స్పీడ్ 14.5 నాట్లు. మోడల్ మామూలు ఎంఎంజీనే (ఓడ కదలికలు లెక్కకట్టే జపాన్ పద్ధతి), హల్ (ఓడ శరీరం) ఫోర్సులు విడిగా, ప్రొపెల్లర్ విడిగా, రడ్డర్ విడిగా లెక్కకట్టి కలుపుతాం కదా, అదే.

సీ ట్రయల్ డేటా ఫుల్ డ్రాఫ్ట్‌లో చేసింది దొరికింది, ట్యాంకుల్లో నీళ్ళు నింపి చేశారు. రెండు వైపులా 35 డిగ్రీల టర్నింగ్ సర్కిల్స్ (రడ్డర్ 35 డిగ్రీలు వేసి గుండ్రంగా తిప్పడం), 10/10 జిగ్‌జాగ్ (రడ్డర్ 10 డిగ్రీలు వేసి, ముక్కు 10 డిగ్రీలు తిరగగానే అవతలి వైపుకి 10 వేయడం), అలాగే 20/20 జిగ్‌జాగ్ ఉన్నాయి. నేను హల్ కోఎఫిషియెంట్లన్నీ (ఫోర్సుల లెక్కలో వాడే గుణకాలు) స్వేచ్ఛగా మారేలా వదిలేసి, డేటాకి కలిసే విలువలు వెతికే ఆప్టిమైజర్‌కి రెండు సర్కిల్స్ ఇచ్చా, అడ్వాన్సూ (90 డిగ్రీలు తిరిగేలోపు ముందుకి పోయిన దూరం) టాక్టికల్ డయామీటరూ (180 తిరిగేసరికి పక్కకి పోయిన దూరం) రెండూ భలే కలిశాయి, ట్రాక్ మీద ట్రాక్ వేస్తే తేడా కనపడట్లేదు. కానీ అదే మోడల్‌తో 10/10 జిగ్‌జాగ్ నడిపితే మొదటి ఓవర్‌షూట్ (రడ్డర్ ఎదురు వేశాక కూడా ముక్కు ఇంకా తిరిగే కోణం) 6 డిగ్రీలు కూడా రావట్లేదు, ట్రయల్లో చూస్తే 13 దగ్గర ఉంది. సిమ్యులేటర్ మీద ఒక పైలట్ గారిని కూర్చోబెడితే ఆయన కూడా "స్వింగ్ ఇంత తేలిగ్గా ఆగిపోదు, లోడెడ్ ట్యాంకర్ ఇలా ఉండదు" అన్నారు.

ఇంకో సంగతి, కోఎఫిషియెంట్లు చూస్తే నాకే భయమేస్తోంది. పక్కకి జారే వేగం వల్ల వచ్చే యా మూమెంట్ (ఓడ ముక్కుని పక్కకి తిప్పే బలం), దాని కోఎఫిషియెంట్ ఎన్‌వి, −0.5 దాటింది, యా రేట్ (ముక్కు తిరిగే వేగం) వల్ల వచ్చేది ఎన్ఆర్ −0.2 కూడా దాటింది. బౌండ్స్ (విలువలకి పెట్టిన హద్దులు) మార్చి మళ్ళీ నడిపితే వేరే నంబర్లు వస్తాయి, సర్కిల్ మాత్రం ఎప్పుడూ కలుస్తుంది. ఏది నమ్మాలి? జిగ్‌జాగ్ కూడా కాస్ట్ ఫంక్షన్లో (ఆప్టిమైజర్ తగ్గించాలని చూసే తేడా లెక్క) పడేస్తే సరిపోతుందా, ఇంకేమైనా చేయాలా?

బుసాన్_బాబు

బ్రో, ఏ సెట్టూ నమ్మకండి ప్రస్తుతానికి. మీకు జరిగింది పాత సమస్యే, పారామీటర్ డ్రిఫ్ట్ అంటారు, అంటే డేటాకి కలుస్తూనే కోఎఫిషియెంట్లు అసలు విలువల నుంచి జారిపోవడం, నేను ఇక్కడ కొరియాలో పీహెచ్‌డీ చేస్తున్నా, దీనితోనే రోజూ గొడవ పడుతున్నా కాబట్టి కొంచెం వివరంగా రాస్తా.

ఓడ స్టెడీగా తిరుగుతున్నప్పుడు మిడ్‌షిప్ (ఓడ నడిమధ్య) దగ్గర పక్కకి జారే వేగం, యా రేట్ రెండూ ఒకదానికొకటి కట్టేసినట్టు ఉంటాయి, పైలట్లు పివట్ పాయింట్ (ఓడ దాని చుట్టూ తిరుగుతున్నట్టు కనిపించే చోటు) అంటారే, టర్న్ సెటిల్ అయ్యాక అది ముందు భాగంలో ఒక చోట ఉండిపోతుంది, దానర్థమే జారే వేగం బై యా రేట్ దాదాపు ఒకే నిష్పత్తి అని. మరి ఆ రెండూ కలిసే పెరిగి కలిసే తగ్గుతుంటే ఎన్‌వి వల్ల వచ్చిన మూమెంట్ ఎంత, ఎన్ఆర్ వల్ల వచ్చింది ఎంత అని విడదీయడానికి డేటాలో సమాచారమే లేదు. హోటల్లో ఇద్దరు తిని బిల్లు కలిపి కట్టారు, మొత్తం మీకు తెలుసు, ఎవరెంత తిన్నారో మొత్తం చూసి చెప్పలేరు కదా, అలాగే. పైగా టర్న్‌లో ఈ రెండు మూమెంట్లు ఎదురెదురు, ఒకటి తిప్పుతుంది ఒకటి ఆపుతుంది, కాబట్టి రెండిటినీ కలిపి ఉబ్బిస్తే తేడా అంతే ఉంటుంది, సర్కిల్ మారదు. మీ ఆప్టిమైజర్ చేసింది అదే. జిగ్‌జాగ్‌లో రడ్డర్ ఎదురు వేసినప్పుడు ఆ నిష్పత్తి చెదిరిపోతుంది, అప్పుడు ఉబ్బిన ఎన్ఆర్ ఒక్కటే బయటపడి స్వింగ్‌ని గట్టిగా పట్టేస్తుంది, అందుకే మీకు ఓవర్‌షూట్ అంత తక్కువ.

ఇంకోటి, 35 డిగ్రీల సర్కిల్లో డ్రిఫ్ట్ యాంగిల్ (ముక్కు చూపే దిక్కుకీ ఓడ నిజంగా పోయే దిక్కుకీ మధ్య కోణం) పెద్దది, అక్కడ నాన్‌లీనియర్ టెర్మ్స్ (వేగాల ఘాతాలు ఉన్నవి) రాజ్యం. 10/10 ఓవర్‌షూట్‌ని తేల్చేది ప్రధానంగా లీనియర్ టెర్మ్స్ (వేగానికి నేరుగా అనుపాతంలో ఉండేవి). అంటే మీరు ఇచ్చిన డేటా, మీరు అడుగుతున్న ప్రశ్న, రెండూ వేరే వేరే చోట్ల ఉన్నాయి.

మీ నంబర్లు ఎంత దూరం పోయాయో చూద్దాం. 1983లో క్లార్క్, ఇంకో ఇద్దరు కలిసి ఇచ్చిన రిగ్రెషన్ ఫార్ములాలు ఉన్నాయి, ఓడ కొలతలు ఇస్తే లీనియర్ కోఎఫిషియెంట్లు వస్తాయి. మీకు డ్రాఫ్ట్ బై పొడవు 0.0625. ఎన్‌వికి మైనస్ π ఇంటూ 0.0625 ఇంటూ (0.5 + 2.4 × 0.0625), అంటే −0.128. ఎన్ఆర్‌కి మైనస్ π ఇంటూ 0.0625 ఇంటూ (0.25 + 0.039 × వెడల్పు బై డ్రాఫ్ట్ − 0.56 × వెడల్పు బై పొడవు), అది −0.051 దగ్గర వస్తుంది. ఇప్పుడు కేవీఎల్‌సీసీ2 (పరిశోధకులు అందరూ పోల్చుకోవడానికి వాడే ట్యాంకర్ ఆకారం) చూడండి, యసుకవా, యోషిమురా 2015లో ఎంఎంజీ స్టాండర్డ్ పద్ధతి రాసిన పేపర్లో మోడల్ టెస్టుల (చిన్న నమూనా ఓడని ట్యాంకులో నడిపి కొలవడం) నుంచి వచ్చినవి ఎన్‌వి −0.137, ఎన్ఆర్ −0.049. అది 320 మీటర్ల ట్యాంకర్, మీది దాంట్లో సగం పొడవు కాస్త పైన, అయినా నాన్ డైమెన్షనల్‌గా (సైజు ప్రభావం తీసేసి చూస్తే) ఎంత దగ్గర ఉన్నాయో చూడండి, నిండు ఆకారం ఓడలు రెండూ కాబట్టి. మీవి నాలుగు రెట్లు పోయాయి. అవి ఫిజిక్స్ కాదు.

ఒక జాగ్రత్త, క్లార్క్ పేపర్లో ఫోర్సుని పొడవు స్క్వేర్‌తో భాగిస్తారు, ఎంఎంజీలో పొడవు ఇంటూ డ్రాఫ్ట్‌తో. నేను పైన ఎంఎంజీ లెక్కలోకి మార్చే రాశా, అందుకే 0.0625 స్క్వేర్ కాకుండా ఒక్కటే ఉంది. మార్చకుండా కలిపేస్తే మీ ఓడకి 16 రెట్లు తేడా వస్తుంది, చాలామంది కోడ్‌లో ఈ తప్పు నేను చూశా.

జిగ్‌జాగ్ కాస్ట్ ఫంక్షన్లో వేస్తే కొంత మేలే, కానీ అన్ని కోఎఫిషియెంట్లూ వదిలేస్తే మళ్ళీ వేరే దారిలో డ్రిఫ్ట్ అవుతుంది. నేను చేసే పద్ధతి ఇది: యాడెడ్ మాస్ (ఓడతో పాటు కదిలే నీళ్ళ బరువు ప్రభావం) అసలు ఫిట్‌లో పెట్టను, స్ట్రిప్ థియరీ (ఓడని అడ్డ ముక్కలుగా కోసి లెక్కకట్టే పద్ధతి) నుంచి తెచ్చి బిగించేస్తా. లీనియర్ హల్ కోఎఫిషియెంట్లకి క్లార్క్ గానీ కిజిమా 1990 పేపర్ ఫార్ములాలు గానీ ఇచ్చిన విలువ దగ్గర ఉండమని పెనాల్టీ పెడతా, దూరం పోవాలంటే డేటా గట్టిగా లాగాలి. ముందు 10/10తో లీనియర్‌వి, తర్వాత అవి పట్టుకుని సర్కిల్‌తో నాన్‌లీనియర్‌వి, 20/20ని ముట్టుకోకుండా పక్కన పెట్టి చివర్లో దాని మీద పరీక్ష. అదొక్కటి కచ్చితంగా చేయండి, ఫిట్‌కి వాడిన డేటా మీదే బాగుందని చెప్పుకుంటే దానికి విలువ లేదు.

టోయింగ్‌ట్యాంక్_రిటైర్డ్

బాబు గారు చెప్పింది సరిగ్గా ఉంది. నేను కొంచెం వెనక్కి వెళ్ళి రాస్తాను, ఎందుకంటే ఈ సమస్య మన కంటే ముందు చాలా పెద్దవాళ్ళు పడ్డారు.

1977లో ఎస్సో ఒసాకా అనే 2,78,000 టన్నుల ట్యాంకర్‌ని గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో మూడు లోతుల్లో తిప్పి చూశారు, డ్రాఫ్ట్‌కి 1.2 రెట్లు, 1.5 రెట్లు, 4.2 రెట్లు లోతు. అంత పెద్ద ఓడ మీద అంత జాగ్రత్తగా చేసిన ట్రయల్స్ అరుదు, ఇప్పటికీ మా రంగంలో అందరూ దాన్నే తిరగేస్తారు. 1980లో అబ్కోవిట్జ్ ఆ డేటా మీద ఎక్స్‌టెండెడ్ కాల్మన్ ఫిల్టర్ (నాయిస్ ఉన్న కొలతల నుంచి తెలియని విలువలు అంచనా వేసే లెక్క) పెట్టి కోఎఫిషియెంట్లు రాబట్టడానికి చూశారు, అక్కడే ఈ డ్రిఫ్ట్ గురించి సీరియస్‌గా చర్చ మొదలైంది, రెండు మూడు రకాల మాన్యూవర్లని ఒకేసారి ఫిల్టర్‌కి ఇవ్వడం ఒక ఉపాయంగా వచ్చింది. ఐటీటీసీ (ఓడల మోడల్ టెస్టు ట్యాంకుల అంతర్జాతీయ సంఘం) వాళ్ళు ఈ ఓడకి ప్రత్యేక కమిటీ వేశారు, 2002లో వచ్చిన దాని రిపోర్టులో ప్రపంచంలో రకరకాల ట్యాంకుల వాళ్ళు ఇచ్చిన కోఎఫిషియెంట్లన్నీ పక్కపక్కన పెడితే వాటి మధ్య చెదురు చాలా ఎక్కువ ఉందని తేలింది. ఒకే ఓడ, మంచి ల్యాబులు, అయినా అంతే. కాబట్టి మీరు గాభరా పడాల్సిందేం లేదమ్మా, పద్ధతిగా వెళ్ళాలి అంతే.

నాకు మీ ఫిట్ కంటే ముందు డేటా మీద ప్రశ్నలున్నాయి. జీపీఎస్ యాంటెన్నా ఎక్కడుంది? ట్యాంకర్‌కి అకామడేషన్ వెనకే కాబట్టి యాంటెన్నా మిడ్‌షిప్‌కి ఎంతో వెనక ఉంటుంది, ఓడ తిరిగేటప్పుడు ఆ చోటు పక్కకి పోయే వేగం, మిడ్‌షిప్ పక్కకి పోయే వేగం ఒకటి కాదు. లాగిన ట్రాక్‌ని హెడింగ్‌తో కలిపి మిడ్‌షిప్‌కి మార్చారా? మార్చకపోతే జారే వేగమే తప్పు, ఇక ఎన్‌వి గురించి మాట్లాడి లాభం లేదు.

రెండోది కరెంట్. జీపీఎస్ ఇచ్చేది భూమి మీద వేగం, హల్‌కి తెలిసేది నీళ్ళలో వేగం. సర్కిల్ 360 దాటి ఇంకా తిప్పి ఉంటే, ఒకే హెడింగ్ ఉన్న రెండు పాయింట్లు తీసుకుని మధ్యలో ఓడ ఎంత కొట్టుకుపోయిందో, ఎంత టైం పట్టిందో చూస్తే కరెంట్ వస్తుంది, ఐఎంఓ (అంతర్జాతీయ సముద్ర సంస్థ) వివరణ పత్రంలో కూడా ఈ దిద్దుబాటు ఉంది. మన తూర్పు తీరం పక్కన చేసిన ట్రయల్ అయితే నెల కూడా చూడండి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా తీరం వెంట కరెంట్ ఉత్తరానికి, నవంబర్ డిసెంబర్‌లో దక్షిణానికి పారుతుంది, గుర్తు తారుమారైతే మీ దిద్దుబాటు తప్పిందని అక్కడే తెలిసిపోతుంది. కరెంట్ తియ్యకుండా ఫిట్ చేస్తే ఆ జారుడంతా హల్ సైడ్ ఫోర్స్ నెత్తిన పడుతుంది.

మూడోది రడ్డర్. మీ ఫైల్లో ఉన్నది ఆర్డరా (వేయమన్న కోణం), ఫీడ్‌బ్యాకా (రడ్డర్ నిజంగా ఉన్న కోణం)? సోలాస్ (ఓడల భద్రత అంతర్జాతీయ ఒప్పందం) ప్రకారం ఒక వైపు 35 నుంచి అవతలి వైపు 30కి 28 సెకన్లలో పోవాలి, అంటే సెకనుకి 2.3 డిగ్రీలు. 10/10లో +10 నుంచి −10కి పోవడానికే ఎనిమిది తొమ్మిది సెకన్లు. ఆ సేపూ ఓడ తిరుగుతూనే ఉంటుంది. మీ మోడల్లో రడ్డర్ ఠక్కున మారిపోతుంటే ఓవర్‌షూట్ తగ్గడానికి అదొక కారణం.

నాలుగోది ఆర్పీఎం, గట్టి టర్న్‌లో స్పీడ్ పడిపోయి ప్రొపెల్లర్ మీద లోడ్ పెరుగుతుంది, ఇంజిన్ టార్క్ లిమిట్‌కి వస్తే ఆర్పీఎం దిగుతుంది. ఆర్పీఎం మారకుండా పెట్టి సిమ్యులేట్ చేస్తే రడ్డర్ మీద ప్రొపెల్లర్ జెట్ నిజం కంటే బలంగా ఉంటుంది. రికార్డ్ అయిన ఆర్పీఎం మోడల్‌కి ఇన్‌పుట్‌గా ఇవ్వండి.

ఇంకొకటి, ఒకే ప్రొపెల్లర్ కాబట్టి పోర్టూ (ఎడమ) స్టార్‌బోర్డూ (కుడి) ఒకేలా ఉండవు. కేవీఎల్‌సీసీ2కి రడ్డర్ దగ్గర ఫ్లో స్ట్రెయిటెనింగ్ కోఎఫిషియెంట్ (రడ్డర్‌కి నీళ్ళు వచ్చే దిక్కుని హల్, ప్రొపెల్లర్ ఎంత సరిచేస్తాయో చెప్పేది) ఒక వైపు 0.395, ఇంకో వైపు 0.640. మీ మోడల్లో ఒకటే విలువ పెట్టి రెండు సర్కిల్స్ కలిశాయంటే ఆ అసిమెట్రీని హల్ కోఎఫిషియెంట్లు మోస్తున్నాయేమో చూడండి.

సిమ్_సీతమ్మధార

సర్, బాబు అన్నా, ఇద్దరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. యాంటెన్నా సంగతి చూశాను, మాన్యూవరింగ్ బుక్‌లెట్‌లో జనరల్ అరేంజ్‌మెంట్ ఉంది, దాన్నుంచి దూరం తీసుకుని ట్రాక్ మార్చాను. కరెంట్ కూడా తీశాను, ఒక సర్కిల్ 360 దాటి పోయింది కాబట్టి పని జరిగింది. ఫ్లో స్ట్రెయిటెనింగ్ రెండు వైపులా ఒకటే పెట్టి ఉంది, ఇప్పుడు విడదీశా. క్లార్క్ విలువల దగ్గర పెనాల్టీ పెట్టి 10/10తో ముందు ఫిట్ చేస్తే ఓవర్‌షూట్ 11 చిల్లర వచ్చింది, ఎన్ఆర్ −0.06 దగ్గర ఆగింది, సర్కిల్ మునుపంత అచ్చంగా కలవట్లేదు గానీ టాక్టికల్ డయామీటర్ దగ్గరే ఉంది. ముట్టుకోని 20/20 మీద నడిపితే మునుపటి మోడల్ కంటే చాలా బాగుంది.

రెండు డౌట్లు. ఒకటి, ఎంత తేడా ఉంటే చాలు అని ఎలా అనుకోవాలి, ఐఎంఓ లిమిట్స్‌ని టాలరెన్స్‌గా తీసుకోవచ్చా? రెండు, ఇదే మోడల్‌ని హార్బర్ ఎక్సర్‌సైజులకి ఇస్తే సరిపోతుందా?

తూర్పుతీరం_పైలట్

తమ్ముడూ, రెండో దానికి నేను చెప్తాను, లెక్కలు నాకు అంతగా తెలియవు కానీ ఓడలు తెలుసు. సరిపోదు. మీ సీ ట్రయల్ అంతా ఫుల్ సీ స్పీడ్‌లో, లోతు నీళ్ళలో, ఖాళీ సముద్రంలో చేసింది. మేము ఓడ ఎక్కేసరికి స్పీడ్ తగ్గుతూ ఉంటుంది, కీల్ కింద నీళ్ళు తక్కువ, టగ్గులు కట్టి ఉంటాయి, డెడ్ స్లో, స్టాప్, కిక్ అహెడ్ (కాసేపు ఇంజిన్ ముందుకి గట్టిగా కొట్టడం), స్లో అస్టర్న్ (ఇంజిన్ నెమ్మదిగా వెనక్కి), ఇదే మా లోకం. వైజాగ్‌లో డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఇన్నర్ హార్బర్ ఛానెల్‌లోకి వచ్చేవాడికి 14.5 నాట్ల టర్నింగ్ సర్కిల్‌తో పని లేదు.

నాకు సిమ్యులేటర్లో ముందుగా తేడా తెలిసేది మూడు చోట్ల. అస్టర్న్ కొట్టినప్పుడు, కుడివైపు తిరిగే ప్రొపెల్లర్ అయితే వెనక భాగం పోర్ట్‌కి పోవాలి, ముక్కు స్టార్‌బోర్డ్‌కి. చాలా మోడల్స్‌లో ఇది అసలు ఉండదు, లేదా స్పీడ్ ఎంతున్నా ఒకేలా ఉంటుంది. తర్వాత, ఇంజిన్ స్టాప్ చేశాక రడ్డర్ బలం. నిజం ఓడ మీద ప్రొపెల్లర్ నీళ్ళు ఆగిపోతే రడ్డర్ దాదాపు చచ్చిపోతుంది, అప్పుడు హార్డ్ ఓవర్ వేసి చిన్న కిక్ ఇస్తే స్పీడ్ పెద్దగా పెరగకుండా ముక్కు తిరుగుతుంది, ఆ కిక్ మీదే మా పనంతా నడుస్తుంది. మోడల్లో కిక్ ఇస్తే ఓడ ముందుకు దూకుతోందా తిరుగుతోందా చూడు. మూడోది, స్టాప్ చేసి పక్కకి కొట్టుకుపోతున్నప్పుడు, గాలికి గానీ టగ్ తోసినప్పుడు గానీ. నేరుగా పక్కకి పోయే ఓడ ఎంత ఆగుతుందో మీ టర్నింగ్ సర్కిల్ చెప్పదు.

ఒక పని చెయ్యి. పైలట్‌ని కూర్చోబెట్టి "బాగుందా సర్" అని అడగకు, మర్యాదకి బాగుంది అనేస్తారు. 6 నాట్ల మీద ఉండగా మిడ్‌షిప్స్ నుంచి హార్డ్ స్టార్‌బోర్డ్ వేయించు, స్వింగ్ ఎక్కడ మొదలైందో, చెక్ చేయడానికి ఎంత ఎదురు రడ్డర్ వేయాల్సి వచ్చిందో ఆయన ఊహించింది ముందే కాగితం మీద రాయించుకో, తర్వాత నడిపి పోల్చు. అప్పుడు నీకు మాట కాదు, నంబర్ వస్తుంది.

బుసాన్_బాబు

కెప్టెన్ గారు చెప్పిన మూడోదానికి లెక్క వైపు నుంచి ఒక మాట. ఎంఎంజీలో హల్ ఫోర్సులకి వాడే మూడో ఘాతం పాలినామియల్ చిన్న నుంచి మధ్యస్థ డ్రిఫ్ట్ యాంగిల్స్ దాకా బాగుంటుంది. ఓడ 90 డిగ్రీల్లో పక్కకి పోతుంటే అది పిచ్చి విలువలు ఇస్తుంది, ఎక్స్‌ట్రాపొలేషన్ కాబట్టి. అక్కడ క్రాస్ ఫ్లో డ్రాగ్ మోడల్‌కి (ఓడ అడ్డంగా పోయేటప్పుడు నీళ్ళ నిరోధం లెక్కకట్టేది) మారాలి, స్పీడ్ తగ్గేకొద్దీ ఒకదాన్నుంచి ఇంకోదానికి నెమ్మదిగా కలుపుకుంటూ పోవాలి. ప్రొపెల్లర్‌కి కూడా నాలుగు క్వాడ్రంట్ల డేటా (ఓడ ముందుకీ వెనక్కీ, ప్రొపెల్లర్ ముందుకీ వెనక్కీ, అన్ని కలయికలకీ) కావాలి, అహెడ్ కర్వ్ ఒక్కటే పెట్టుకుంటే అస్టర్న్ అంతా ఊహే. వీటిని సీ ట్రయల్ నుంచి ఫిట్ చేయలేం, క్యాప్టివ్ మోడల్ టెస్టులు (నమూనాని బిగించి లాగి ఫోర్సులు కొలవడం) గానీ, పబ్లిష్ అయిన సిరీస్ డేటా గానీ, ఓపిక ఉంటే సీఎఫ్‌డీ (నీళ్ళ ప్రవాహాన్ని కంప్యూటర్లో లెక్కకట్టడం) గానీ కావాలి.

తక్కువ లోతుకి కూడా మోడల్‌ని ఒక ఫ్యాక్టర్‌తో గుణించేస్తే అవదు. సర్ చెప్పిన ఎస్సో ఒసాకాలోనే, లోతు నీళ్ళ నుంచి డ్రాఫ్ట్‌కి 1.5 రెట్ల లోతుకి వచ్చేసరికి స్వింగ్ ఆపడం కష్టమైంది, ఇంకా లోతు తగ్గి 1.2కి వస్తే మళ్ళీ తేలికైంది. సర్కిల్ మాత్రం 1.2లో బాగా పెద్దదైంది. ఒకటే దిక్కున మారట్లేదు కాబట్టి ప్రతి కోఎఫిషియెంట్‌నీ లోతుతో విడిగా మార్చాలి.

టోయింగ్‌ట్యాంక్_రిటైర్డ్

మొదటి డౌట్‌కి. ఐఎంఓ 2002 లిమిట్స్ ఓడ పాసా ఫెయిలా చెప్పేవి, మోడల్ మంచిదా కాదా చెప్పేవి కావు. అడ్వాన్స్ 4.5 పొడవుల లోపు, టాక్టికల్ డయామీటర్ 5 పొడవుల లోపు, 20/20 మొదటి ఓవర్‌షూట్ 25 డిగ్రీల లోపు అన్నారు. మీ ఓడకి 10/10 లిమిట్ పొడవు బై స్పీడ్ మీద ఆధారపడుతుంది, 176ని సెకనుకి 7.46 మీటర్లతో (అదే 14.5 నాట్లు) భాగిస్తే 23.6, దాంట్లో సగానికి 5 కలిపితే దాదాపు 17 డిగ్రీలు. మీ పాత మోడల్ 6 డిగ్రీలతో ఆ లిమిట్ హాయిగా పాసైపోయింది, అయినా తప్పు మోడలే కదా. టాలరెన్స్ మీ ట్రయల్ లోంచే రావాలి. గాలి, అలలు, రడ్డర్ సున్నా సరిగ్గా లేకపోవడం, వీటివల్ల ట్రయల్‌లో ఉన్న అనిశ్చితి ఎంతో ముందు అంచనా కట్టండి, దానికంటే దగ్గరగా కలపాలని తాపత్రయపడితే నాయిస్‌ని ఫిట్ చేస్తున్నట్టే. కరెంట్ తీసేశాక కూడా పోర్ట్, స్టార్‌బోర్డ్ సర్కిల్స్ మధ్య మిగిలిన తేడా ప్రొపెల్లర్ వల్ల ఎంత, వాతావరణం వల్ల ఎంత అన్నది ఆలోచించండి.

మోడల్ టెస్టుల నుంచి విలువలు అరువు తెచ్చుకుంటే ఒకటి గుర్తుంచుకోండి. చిన్న మోడల్ చుట్టూ బౌండరీ లేయర్ దాని సైజుకి మందంగా ఉంటుంది, రాపిడి ఎక్కువ, కాబట్టి మోడల్ తన బలంతో నడిచేటప్పుడు ప్రొపెల్లర్ ఎక్కువ లోడ్‌లో తిరుగుతుంది, రడ్డర్‌కి వేగం గల నీళ్ళు ఎక్కువ అందుతాయి, ఓడ కంటే మోడల్ బాగా మాట విన్నట్టు కనిపిస్తుంది. కేవీఎల్‌సీసీ2 లాంటి ఓడని అసలు ఎవరూ కట్టలేదు, అది టెస్టుల కోసం గీసిన ఆకారం. 2008, 2014 సిమ్మాన్ వర్క్‌షాపుల్లో (ఓడ మాన్యూవరింగ్ లెక్కల్ని పోల్చుకునే సమావేశాలు) అందరూ పోల్చుకున్నది మోడల్ సైజు ఫలితాలతోనే. అందుకే మీ చేతిలో ఉన్న ఫుల్ స్కేల్ ఫుల్ డ్రాఫ్ట్ ట్రయల్ చాలా విలువైనది, దాన్ని భద్రంగా వాడుకోండి.

మీ 11కీ ట్రయల్ 13కీ మధ్య ఉన్న ఆ రెండు డిగ్రీల కోసం కోఎఫిషియెంట్లు మళ్ళీ కదపకండి. రడ్డర్ గురించి అడిగినదానికి మీరు జవాబివ్వలేదు. ఫైల్లో ఫీడ్‌బ్యాక్ కాలమ్ ఉంటే అదే ఇన్‌పుట్‌గా ఇచ్చి 10/10 మళ్ళీ నడపండి, లేకపోతే సెకనుకి 2.3 డిగ్రీల రేటూ, స్టీరింగ్ గేర్ కదలడానికి పట్టే చిన్న ఆలస్యమూ పెట్టి నడపండి, నంబర్ ఎంత వచ్చిందో ఇక్కడే రాయండి.